ఏం లేదు సార్

తిరుమణి,
13-6-2024, బేస్తవారం

ప్రియమైన సుధకు,

నువ్వు బాగున్నావని తలుస్తాను. నేను బాగాలేను. ఉత్తరం మొదటి వరుసలోనే ఇలా రాయకూడదు, "నేను క్షేమం, నీ క్షేమం కోరుతున్నాను" అని రాయాలని మడకశిర బళ్లో టీచరమ్మ మనిద్దరికీ నేర్పింది. ఆ క్షేమం నాకు ఆరేళ్లుగా లేదు. లేనిదాన్ని ఎక్కణ్ణుంచి తెచ్చి రాయను?

ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావు. ఫోనులో ఎవరైనా "బాగుండావా?" అని అడిగితే నా నోరు దానంతటదే "బాగుండా" అనేస్తుంది. కాగితం మీద అబద్ధం రాయాలంటే కాస్త సమయం పడుతుంది, అంతలోపల నిజం బయటికొస్తుంది. అందుకే రాసి, తుమకూరు బస్సు కండక్టరు బోరయ్యన్న చేతికి ఇస్తున్నాను.

నా నడుము సంగతి నీకు తెలిసిందే. మా నాలుగెకరాలూ సోలార్ పార్కుకు లీజుకిచ్చాక, అదే చేలో నిలబెట్టిన కరెంటు ప్లేట్ల కింద గడ్డి కోయడానికీ ప్లేట్లు కడగడానికీ కూలికి పోతున్నాను. వేరుశనగ పీకే రోజుల్లో వంగలేదా అంటే వంగాను. కానీ అప్పుడు ఎప్పుడు కావాలంటే అప్పుడు లేచి నిలబడేదాన్ని. ఇప్పుడు లేస్తే తలకు ప్లేటు తగులుతుంది. వరుస అయ్యేదాకా వంగే ఉండాలి.

చెయ్యని వైద్యం లేదు. పావగడలో సూదులు వేయించుకున్నా. వాత పెట్టించుకున్నా, ఆ మచ్చ ఇంకా ఉంది. నాటు నూనె రుద్దించుకుంటే ఇల్లంతా కంపు కొట్టింది తప్ప ఇంకేం కాలేదు. చివరికి హిందూపురం పోయి స్కానింగ్ తీయించుకుంటే, అక్కడి డాక్టరు ఆ ఫిల్మును వెలుతురుకు పట్టి చూసి "ఏమీ లేదమ్మా, వయసు" అన్నాడు. ఏమీ లేకపోతే మరి ఇదేంది? మా ఆయనకు చెబితే "ఊర్లో అందురికీ నడుము నొప్పే. నీదేమన్నా బంగారు నడుమా?" అంటాడు. ఆదినారాయణప్ప నోట్లోంచి అంతకన్నా మంచి మాట ఎన్నడైనా వచ్చిందా!

పనిలో చెప్పుకుందామా అంటే అదీ లేదు. రోజూ పొద్దున గేటు దగ్గర మా తలలకు హెల్మెట్లు పెట్టి వరుసగా నిలబెడతారు. సూపర్‌వైజర్ గిరీశ్ పుస్తకం తెరిచి "అందురూ బాగుండారా? ఎవురికన్నా నొప్పి, జొరం ఉండాదా?" అంటాడు. మేం పదకొండు మంది ఆడవాళ్లం ఒక్క గొంతుతో "ఏం లేదు సార్!" అంటాం. ఉందన్న మనిషిని ఇంటికి పంపి, ఆ చోటికి ఇంకొకరిని పిలుస్తారు. సింధుశ్రీ ఒకరోజు కాలు నొప్పి అన్నందుకు మళ్లీ రెండు వారాల దాకా పిలవలేదు. ఆ రోజు నుంచి మాలో ఎవరికీ ఏ నొప్పీ లేదు, అంతా దేవుడి దయ.

నువ్వు పనిచేసే ఆ నొప్పుల క్లినిక్‌కు ఒకసారి వస్తాను. ఇదే ఆఖరు. అక్కడ కూడా "ఏమీ లేదు" అంటే ఇంక నొప్పి అనే మాట నా నోట రాదు, చచ్చేదాకా నోరు మూసుకుని కూర్చుంటా. కూర్చోవడం కూడా చేతకాదు కదా, నిలబడి ఉంటా. అక్కడ ఏం చేస్తారో, ఏమేం తెచ్చుకోవాలో అన్నీ వివరంగా రాయి.

ప్రపంచంలో నీ ఒక్కదాని మీద తప్ప అందరి మీదా కోపంగా ఉన్న
మీ సంజీవక్క

*

తుమకూరు,
21-6-2024

ప్రియమైన సంజీవక్కకు,

నీ కోపం నాలుగు పేజీలూ చదివాను. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. అక్షరాలు వంకరగా ఉంటే తిట్టొద్దు, పని మధ్యలో బల్ల దొరక్క గోడకు పెట్టి రాస్తున్నా. ఆయా పనంటే తెలుసు కదా, మంచం మీదికి ఎత్తడం, దించడం, చక్రాల కుర్చీ తోయడం. తీరిక ఉండదు.

ముందు ఒక మాట చెబుతా, మండిపడకు. వచ్చిన రోజే సూది వేసి నొప్పి తీసేస్తారనుకుని రావొద్దు. కొత్తగా వచ్చేవాళ్లలో సగం మంది అలా అనుకునే వస్తారు. సాయంత్రానికి డాక్టరును ఏమీ అనలేక నా మీద అరిచి పోతారు.

పాత కాగితాలన్నీ తే. చీటీలు, స్కానింగు, మింగేసిన మాత్రల ఖాళీ పట్టీలు కూడా. వాత సంగతి, నాటు నూనె సంగతి దాచొద్దు, ఇక్కడ ఎవరూ తిట్టరు. పొద్దున తొమ్మిదికి పేరు రాయించుకుంటే డాక్టరు ముందుకు పోయేసరికి మధ్యాహ్నం అవుతుంది. బెంచీలు గట్టివి, ఒక దుప్పటి మడత తెచ్చుకో. నిలబడే ఉంటానన్నా ఎవరూ వింతగా చూడరు. ఇక్కడ సగం మంది నిలబడే ఉంటారు.

ఆరు పేజీల ఫారం ఇస్తారు. కన్నడంలో ఉంటుంది, నేను పక్కన కూర్చుని రాయిస్తా. నిద్ర పడుతుందా, ఇంట్లో ఎవరితో మనసు విప్పుతావు, ఏ పని మానేశావు అని అడుగుతారు. "నా నడుముకూ నా మొగుడికీ ఏం సంబంధం?" అనకు. అందులో ఒక మనిషి బొమ్మ ఉంటుంది, ముందొకటి, వెనకొకటి. నొప్పి ఉన్నచోట ఎర్ర పెన్సిల్‌తో రుద్దాలి. ఆ పెన్సిళ్లు చెక్కి ఇచ్చేది నేనే.

తర్వాత నంబరు అడుగుతారు. నొప్పి అస్సలు లేకపోతే సున్నా, భరించలేనంత ఉంటే పది. నీ నొప్పి ఎంతో నువ్వే చెప్పాలి. దాన్ని కొలిచే మిషన్ ఎవరి దగ్గరా లేదక్కా, నీ నోరే మిషన్. తక్కువ చెప్పి మంచిదాన్ని అనిపించుకోవద్దు, ఎక్కువ చెప్పి భయపెట్టొద్దు.

డాక్టరు చూశాక, వ్యాయామం నేర్పే ధనుశ్రీ అనే అమ్మాయి దగ్గరికి, ఆ తర్వాత మనసు గురించి మాట్లాడే డాక్టరమ్మ దగ్గరికి పంపుతారు. "నాకేమన్నా పిచ్చా?" అని అలిగి లేచిపోవద్దు. అందరినీ పంపుతారు. ఏళ్ల తరబడి నొప్పి ఉంటే మనసు కూడా దాంతోపాటే వంగిపోతుందట.

ఒక్కటి మాత్రం ఒట్టేసి చెబుతా. ఇక్కడ నువ్వు నొప్పి అంటే నమ్ముతారు. రా.

నీకోసం ఎర్ర పెన్సిల్ చెక్కి పెట్టుకున్న
సుధామణి

*

తిరుమణి,
5-7-2024

ప్రియమైన సుధకు,

ప్రియమైన అని రాయడానికి ఈరోజు చెయ్యి రావడం లేదు, అయినా రాశా.

చీకటితోనే లేచి మూడు బస్సులు మారి వచ్చాను. వస్తే నువ్వు సెలవంట! పక్కన కూర్చుని రాయిస్తానని ఎవరు రాశారు? ఎవరో తెలియని పిల్ల నా ఫారం గబగబా నింపేసింది. అడిగినవన్నీ సరిగా అర్థం కాక అన్నిటికీ తల ఊపాను. బొమ్మ మీద ఎర్ర పెన్సిల్‌తో వేలెడు గీత గీశా. అంతా రుద్దితే వాళ్ల కాగితం పాడవుతుందేమో అనిపించింది. నవ్వకు.

నాలుగు గంటలు నిలబడ్డాక నా పేరు పిలిచారు. దారి పొడవునా అనుకుంటూ వచ్చాను, ఇలా చెప్పాలి, కాలులోకి మంట దిగుతుందని చెప్పాలి, తుమ్మితే ప్రాణం పోతుందని చెప్పాలి అని. లోపలికి పోతే డాక్టరు పుస్తకం తెరిచి, పెన్ను పట్టుకుని, తలెత్తి "చెప్పమ్మా, నొప్పి ఉందా?" అని కన్నడంలో అడిగాడు. నేను కాళ్లు దగ్గరపెట్టి నిలబడి "ఏం లేదు సార్!" అన్నాను.

అవును, అన్నాను. గేటు దగ్గర అన్నట్టే, అంత గట్టిగా. ఆరేళ్లుగా రోజూ పొద్దున అన్న మాట, పెన్ను చూడగానే బయటికి దూకింది. ఆయన ఆశ్చర్యపోయి "మరి నంబరు ఎంత?" అన్నాడు. సున్నా అంటే బాగుండదని "రెండు సార్" అన్నా. "రెండు నొప్పికి తిరుమణి నుంచి వచ్చావా తల్లీ?" అని నవ్వాడు. నేనూ నవ్వాను సుధా! పళ్లన్నీ కనపడేలా నవ్వాను. ఏవో మాత్రలు రాసి, కావాలంటే నెల తర్వాత రమ్మన్నాడు. బయటికొచ్చి గోడ పట్టుకున్నాక గానీ నేనేం చేశానో నాకు తెలియలేదు. చెప్పుతో కొట్టుకోవాలనిపించింది. వంగి చెప్పు తీసే ఓపిక కూడా లేదు.

నాతో వచ్చిన మా ఆయన బయట బోండాలు తిని, బస్సులో కిటికీ పక్కన కూర్చుని "ఏమన్న్యాడు?" అని అడిగాడు. "ఏం లేదంట" అన్నాను. "నేను చెప్పలా!" అన్నాడు. లేదన్నది డాక్టరు కాదు, నేనే. ఆ సంగతి నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

అసలు ఆ రోజే నువ్వు ఎందుకు సెలవు పెట్టావు?

నీ మీద కూడా కోపంగా ఉన్న
సంజీవక్క

*

తుమకూరు,
15-7-2024

ప్రియమైన సంజీవక్కకు,

తిట్టు, పడతా. ఆ రోజు చిన్న పని పడింది, రాలేకపోయా. ఇప్పుడూ తీరిక లేదు, పెన్ను కూడా సరిగా లేదు. కొంచెమే రాస్తా.

ఇంట్లో క్యాలెండరు ఉంది కదా. రోజూ పని నుంచి రాగానే ఆ తేదీ కింద నీ నంబరు వెయ్యి. ఎవరూ అడగరు, ఎవరికీ చెప్పక్కర్లేదు. ఆగస్టు ఆరున ఆ క్యాలెండరు చుట్టి పట్టుకుని రా. నోరు అబద్ధం చెప్పినా అది చెప్పదు. బావను బయట బోండాల దగ్గర వదలొద్దు, లోపలికి తీసుకురా.

ఈసారి గుమ్మంలోనే ఉంటా.

సుధ

*

తిరుమణి,
9-8-2024

ప్రియమైన సుధకు,

నిన్న రాయాల్సింది, కోపంలో కాగితం చించేశా. ఇది రెండోది.

నువ్వు గుమ్మంలోనే ఉన్నావు, నిజమే. క్యాలెండరు డాక్టరు బల్ల మీద పరిచావు. ఐదు, ఆరు, ఆరు, ఎనిమిది, ఏడు. ఆయన ఒక్కొక్క అంకె మీదా వేలు పెట్టి చదివాడు. "పోయినసారి రెండన్నావే అమ్మా?" అన్నాడు. అప్పుడు మా ఆయన నోరు విప్పాడు, నువ్వూ విన్నావు కదా.

"ఈమె చెప్పదు సార్. సంగటి కెలికేటప్పుడు గోడకు తల ఆనించుకుంటాది. బస్సులో సీటున్నా నిలబడుకుంటాది. పన్లోంచి వచ్చి చెప్పులు ఇప్పుకోలేక అట్లనే ఇంట్లోకి వస్తాది. నేను చూస్తానే ఉండా."

చూస్తూనే ఉన్నాడంట! ఆరేళ్లు అన్నీ చూసి, బంగారు నడుమా అన్నాడు! అక్కడే ఆయన్ను ఉతికి ఆరేద్దామనుకున్నా. కానీ డాక్టరు నా వైపు తిరిగి "నీకు నొప్పి ఉందమ్మా. స్కానింగులో కనపడనంత మాత్రాన లేనట్టు కాదు" అన్నాడు. నాకు ఏడుపు ఆగలేదు. నువ్వు నీళ్లు తెచ్చి ఎడమ చేత్తో ఇచ్చావు. మంచీచెడ్డా తెలిసిన మనిషివి, ఎడమ చేత్తో ఇవ్వడమేందని ఆ ఏడుపులోనూ అనుకున్నా.

అక్కడితో ఆపేస్తే ఆ డాక్టరు ఫోటోను దేవుడి గూట్లో పెట్టుకునేదాన్ని. ఆపలేదు కదా! "పూర్తిగా పోకపోవచ్చు. ఆరును నాలుగు చేద్దాం. ఆ నాలుగుతో నీ పనులు నువ్వు చేసుకునేలా చేద్దాం" అన్నాడు. ఆరేళ్లు తిరిగి, ఆరు బస్సులెక్కి, నేను పోయింది ఈ మాట కోసమా? పోదని చెప్పడానికి డాక్టరు ఎందుకు, మా ఆయన చాలడా?

ఆ ధనుశ్రీ మంచి పిల్లే. నేల మీద పడుకోబెట్టి మోకాళ్లు ఎలా మడవాలో ఓపిగ్గా నేర్పింది. కానీ ఏమందో విన్నావా? గడ్డి వరుస ఒక్క ఊపులో కోయొద్దంట. పది నిమిషాలకొకసారి ప్లేటు కింద నుంచి బయటికొచ్చి, నిలబడి, నడుము వెనక్కి వంచాలంట. నొప్పి పెరిగాక ఆగడం కాదు, పెరగకముందే ఆగాలంట. ఆ పిల్లకు గిరీశ్ తెలుసా? పది నిమిషాలకోసారి నేను లేచి నిలబడితే ఎందుకని అడగడా? చెబితే పని పోతుంది, చెప్పకపోతే నడుము పోతుంది. మా చేలో నేను నిలబడటానికి ఒకడి అనుమతి కావాల్సి వచ్చింది చూడు.

ఇంక రాను సుధా. నువ్వు చెప్పింది నిజమే, నమ్మారు. నమ్మి ఏం లాభం?

వెంటనే జవాబు రాయి, తిట్టడానికైనా సరే.

సంజీవక్క

*

తిరుమణి,
20-9-2024

ప్రియమైన సుధకు,

ఆరు వారాలైంది. నీ జవాబు లేదు. ఫోన్ చేస్తే "బాగుండా అక్కా, పనిలో ఉండా" అని పెట్టేశావు. నువ్వు రాయకపోయినా నేను రాస్తా, ఎందుకంటే ఇక్కడ ఒకటి జరిగింది.

ధనుశ్రీ చెప్పిన వ్యాయామం నెల రోజులు ఇంట్లో చేశా. మా ఆయన పక్కన కూర్చుని లెక్కపెడతాడు, మధ్యలో ఒకటి ఎగ్గొడితే పట్టుకుంటాడు, పాపం మారాడు. ఇంట్లో ఉన్న రోజు ఐదుకు దిగింది. పనికి పోయిన రోజు మళ్లీ ఏడు. ఆ క్యాలెండరు చూసి చూసి నాకు ఒళ్లు మండిపోయింది. నా గొడవ నొప్పితో కాదు, ఆ వరుసతో. వరుస మధ్యలో నిలబడితే తగ్గుతుంది, నిలబడాలంటే చెప్పాలి.

పోయిన సోమవారం పొద్దున గేటు దగ్గర గిరీశ్ ఎప్పట్లాగే పుస్తకం తెరిచి అడిగాడు. అందరూ "ఏం లేదు సార్!" అన్నారు. నేనూ "ఏం" దాకా వచ్చి ఆగిపోయా.

"ఉండాది సార్" అన్నా.

"ఏంది సంజీవమ్మా?" అన్నాడు.

"నడుము సార్. ఈపొద్దు ఆరు."

"ఆరేంది?"

చెప్పాను. సున్నా అంటే లేనట్టు, పది అంటే భరించలేనట్టు, మధ్యలో ఎవరిది వాళ్లే చెప్పుకోవాలని. పది నిమిషాలకోసారి లేచి నిలబడతానని కూడా చెప్పేశా. గిరీశ్ మొహం మాడ్చుకుని "అట్లయితే ఇంటికి పో, ఇంకొకర్ని పిలుస్తా" అన్నాడు. హెల్మెట్ తీసి ఇవ్వబోయా.

వెనక నుంచి పుట్టమ్మ "నాది నాలుగు సార్. మోకాలు" అంది. దాని పక్కనుంచి సింధుశ్రీ "నాది ఏడు. కాలు. పోయినేడు చెప్పిన్యా గదా, అదే" అంది. అంతే, ఇంక ఆగలేదు. మెడ ఐదు, మణికట్టు మూడు, భుజం ఆరు. పదకొండు మందిలో సున్నా ఒక్కరిది కూడా లేదు సుధా! ఇన్నాళ్లూ పక్కపక్కనే వంగి గడ్డి కోశాం. ఎవరి నొప్పి ఎంతో ఎవరికీ తెలియదు.

గిరీశ్ పెన్ను జేబులో పెట్టేశాడు. అవతల నీళ్ల ట్యాంకరు వచ్చి హారన్ కొడుతోంది. "ఇంతమందిని పంపితే ప్లేట్లు ఎవురు కడగాల? పోండి పోండి. నిలబడాలంటే నిలబడండి. పెద్దసారు వస్తే మాత్రం వంగండమ్మా, నా పని తీస్తారు" అన్నాడు.

పెద్ద గెలుపని అనుకోకు. మరుసటి రోజు నుంచి ఆ ప్రశ్న అడగడమే మానేశాడు. అడిగితే కదా చెప్పేది! అయినా మేం హెల్మెట్లు పెట్టుకునేటప్పుడు ఒకరినొకరం అడుగుతున్నాం. ఏడు దాటినవాళ్లకు ఆ రోజు గడ్డి పని లేదు, నిలబడి ప్లేట్లు కడిగే పని. మేమే పంచుకుంటున్నాం. నాది ఇప్పుడు ఐదు. డాక్టరు చెప్పిన నాలుగు ఇంకా రాలేదు, రానన్నాను గానీ, వచ్చే నెల పదిహేనో తేదీన మళ్లీ వస్తా, అడుగుతా.

ఇప్పుడు నీ సంగతి. నీ రెండో ఉత్తరంలో అక్షరాలన్నీ ఎడమ వైపుకు ఒరిగి ఉన్నాయి. పెన్ను సరిగా లేదంటే నమ్మేదాన్నే. ఐదో తరగతిలో చింతచెట్టు మీంచి పడి నీ కుడి చెయ్యి విరిగినప్పుడు, రెండు నెలలు నా పక్కనే కూర్చుని ఎడమ చేత్తో ఇలాగే రాశావు. ఆ రాత నాకు తెలియదనుకున్నావా? మొదటి ఉత్తరంలో వంకర రాతకు గోడ మీద నెపం పెట్టావు, నేను వచ్చిన రోజు సెలవు, నీళ్లు ఎడమ చేత్తో ఇచ్చావు, చక్రాల కుర్చీని తుంటితో తోశావు. నేను నా ఏడుపులో పడి ఒక్కటీ కలుపుకోలేదు, నా బుద్ధికి నిప్పు పెట్ట. ఇప్పుడేమో ఉత్తరమే లేదు. రాయడానికి ఎడమ చెయ్యి కూడా అలిసిపోయిందా?

ఊరందరికీ ఎర్ర పెన్సిళ్లు చెక్కి ఇచ్చేదానివి, నీ బొమ్మ మీద ఎప్పుడన్నా రుద్దావా?

పెద్ద ఉత్తరం అక్కర్లేదు. ఒక్క అంకె రాసి బోరయ్యన్న చేతికి ఇవ్వు. "ఏం లేదు" అని రాశావంటే మాత్రం తుమకూరు వచ్చి మరీ చించుతా.

నీ నంబరు కోసం గేటు దగ్గర ఎదురుచూసే
మీ సంజీవక్క

*

తుమకూరు,
27-9-2024

ప్రియమైన సంజీవక్కకు,

ఎనిమిది.

కుడి భుజం. రెండేళ్ల నుంచి. ఇక్కడ కూడా పొద్దున్నే మాకు పనులు పంచే మేడమ్ "అంతా బాగున్నారా?" అని అడుగుతుంది. ఎత్తలేనని తెలిస్తే ఆయా పనిలో ఉంచరని, ఇన్నాళ్లూ నవ్వుతూ నీ పాటే పాడాను. నువ్వు వచ్చిన రోజు చెయ్యి పైకి లేవక జడ వేసుకోలేకపోయా, అందుకే సెలవు పెట్టా. పేషెంట్లకు చెప్పే మాటలన్నీ నాకు నోటికి వచ్చు. నాకు నేను చెప్పుకోలేదు.

ఈపొద్దు పని మొదలుపెట్టకముందు కౌంటర్‌లో పేరు రాయించాను. ఫారం ఇచ్చిన పిల్ల నన్ను చూసి "ఎవురికక్కా?" అంది. నాకే అన్నాను. బొమ్మ మీద భుజం మొత్తం రుద్దాను, కాగితం చిరిగింది.

నా ముందు పద్నాలుగు మంది ఉన్నారు. నిలబడే రాస్తున్నాను.

నీ సుధ